వైద్యం ఉచితమైనా కుటుంబం ఎందుకు చితికిపోతుంది? ఉద్దానంలో నేను చూసినది

డయాలసిస్ ఉచితంగా చేస్తున్నప్పుడు కిడ్నీ వ్యాధి పల్లె కుటుంబాలను పేదరికంలోకి ఎలా నెడుతుందని మీరు అడిగారు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి మండలం. మా దగ్గరా, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లోనూ దశాబ్దాలుగా ఈ జబ్బు ఉంది. మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా వస్తున్న దీనికి అసలు కారణమేమిటో పరిశోధకులు ఇప్పటికీ తేల్చలేదు. నేను చూసినంతలో మనుషులను కుంగదీసేది మందుల ఖర్చు కంటే ఎక్కువగా పోయిన పని దినాలు.

మా చిన్నాన్న కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసేవారు. తొలి దశలో ఈ జబ్బు పైకి కనిపించదు; ఒళ్లునొప్పులు ఎండలో పని వల్లనే అనుకుని ఆయన నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చారు. కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించేనాటికే వ్యాధి ముదిరింది. ఆ తరువాత విశాఖపట్నంలోని ప్రైవేటు ఆసుపత్రులకు తిరగడంలో పరీక్షలకు, ప్రయాణాలకు, అక్కడి బసకు ముందు పిన్ని బంగారం, ఆ తరువాత తోటలో కొంత భాగం పోయాయి. ఉచిత డయాలసిస్ మొదలయ్యేసరికే ఆ ఇంటి ఆస్తి సగం తరిగిపోయింది.

డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. రాకపోకలతో కలిపి ఆ రోజు గడిచిపోతుంది, మరునాడు నీరసంతో మనిషి లేవలేడు. తోడు వెళ్లవలసి రావడంతో పిన్ని జీడిపప్పు ఒలిచే పని మానుకోవలసి వచ్చింది. అంటే జబ్బు ఒకరిదైనా ఆగిపోయినవి ఇద్దరి సంపాదనలు. పెద్దబ్బాయి డిగ్రీ మధ్యలో వదిలి హైదరాబాదులో భవన నిర్మాణ పనులకు వెళ్లాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి చెట్లను కూల్చినప్పుడు, ఆరోగ్యంగా ఉన్నవారు మళ్లీ మొక్కలు నాటుకున్నారు. కొబ్బరి కాపుకు వచ్చేదాకా ఏళ్ల తరబడి ఆగే శక్తి చిన్నాన్న వాళ్లకు లేక, మిగిలిన తోటను కూడా అమ్ముకున్నారు.

మరొక విషయం బయటివారికి అంతగా తెలియదు. ఇంట్లో కిడ్నీ రోగి ఉన్నాడని తెలిస్తే, తిరిగి తీర్చలేరన్న భయంతో అప్పు ఇచ్చేవారు వెనుకాడతారు, ఆడపిల్ల సంబంధం కూడా ఆగిపోవచ్చు. అందుకే అనుమానం ఉన్నా పరీక్షకు వెళ్లనివారు మా ఊళ్లో ఉన్నారు, ఆ దాపరికంలోనే జబ్బు ముదిరిపోతుంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. డయాలసిస్ రోగులకు 2019 నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను వస్తున్నది. చిన్నాన్న ఇంట్లో పొయ్యి వెలిగింది దానివల్లనే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి 700 కోట్ల రూపాయల తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. అయితే ఈ పింఛను వ్యాధి ముదిరినవారికే అందుతుంది. కుటుంబం ఆస్తులు అమ్ముకునేది మాత్రం అంతకు ముందే. కాబట్టి ఊరూరా క్రమం తప్పకుండా క్రియాటినిన్ పరీక్షలు చేసి, తొలి దశలో తేలినవారికి ఎండలో బరువు పని మానుకోగలిగేటంత ఆర్థిక సాయాన్ని అప్పుడే మొదలుపెట్టాలి. రోగితో వెళ్లేవారికి కూడా ఆ రోజు కూలి, దారి ఖర్చు ఇవ్వాలి.