టేకాఫ్‌లో పక్షి తగిలితే?

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగం పనిమీద గన్నవరం నుంచి తరచూ ఫ్లైట్ ఎక్కుతుంటాడండి. అంత పెద్ద విమానాన్ని ఒక చిన్న పక్షి ఏం చేస్తుంది? టేకాఫ్ అప్పుడే ప్రమాదం అంటారెందుకు?
- ఒక తల్లి, విజయవాడ

జవాబు: పక్షి చిన్నదే గానీ విమానం స్పీడు గంటకి 250 కిలోమీటర్లు దాటి ఉంటుందమ్మా, ఆ వేగంలో గద్దో కొంగో ఇంజన్‌లోకి వెళ్తే ముందున్న ఫ్యాన్ రెక్కలు వంగిపోతాయి, ఇంజన్ అదిరిపోయి ఒక్కోసారి మంటలు కూడా వస్తాయి. టేకాఫ్‌లో ఇంజన్లు దాదాపు ఫుల్ పవర్‌లో ఉంటాయి, ఎత్తు తక్కువ, పైలట్‌కి ఆలోచించుకునే టైమే ఉండదు, పైగా పక్షులు ఎగిరేదీ ఎక్కువగా ఆ ఎత్తులోనే. రన్‌వే మీద ఒక స్పీడు దాటాక బ్రేకు వేస్తే ఆగే చోటుండదు, లేవాల్సిందే.

అయినా మీరు కంగారుపడకండి. ఒక ఇంజన్ పోయినా రెండోదాంతో పైకి లేచి, తిరిగొచ్చి దిగేలాగే విమానాల్ని తయారుచేస్తారు. 2022 జూన్‌లో పట్నాలో టేకాఫ్‌లో పక్షి తగిలి ఒక ఇంజన్‌లో మంటలొచ్చాయి, దాన్ని ఆపేసి అందర్నీ క్షేమంగా దించారు. రెండూ ఒకేసారి పోవడం చాలా అరుదు, 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పెద్దబాతుల గుంపు తగిలి అలాగే అయితే పైలట్ హడ్సన్ నదిలో దించాడు, 155 మందీ బతికారు.

నాకు కోపమొచ్చేది మాత్రం చెత్త విషయంలోనే. కోడి వ్యర్థాలు రోడ్డు పక్కన పారేస్తే గద్దలు చేరవా మరి? ఎయిర్‌పోర్టుకి 10 కిలోమీటర్ల లోపు అలా వేయకూడదని రూలే ఉంది, ఎవరైనా వేస్తుంటే పంచాయతీకి చెప్పండి.