గిటార్లు ఎటుపోయాయి?

ప్రశ్న: రాక్ బ్యాండ్ రేడియోహెడ్ ఆల్బమ్‌లలో 'ఓకే కంప్యూటర్' నాకు ప్రాణం. 'కిడ్ ఏ' మాత్రం అప్పట్లో రెండు పాటలు విని పక్కన పెట్టేశాను. మళ్లీ వినాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

జవాబు: ఆరో పాట 'ఆప్టిమిస్టిక్' నుంచి. 2000లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో మీకు అలవాటైన గిటార్లు, డ్రమ్స్ ఎక్కువగా వినిపించేది అందులోనే. తర్వాత నాలుగోది, 'హౌ టు డిసపియర్ కంప్లీట్లీ' వినండి. వెనక తీగలా సాగే ఏడుపులాంటి నాదం ఓండ్ మార్టెనో అనే పాత ఎలక్ట్రానిక్ వాద్యానిది. అప్పుడు మొదటి పాటకు రండి. తాళం దొరక్క చాలామంది అక్కడే జారుకుంటారు. నాలుగు కాదు, పది లెక్కపెట్టి చూడండి, కుదురుకుంటుంది.

గిటార్లు పూర్తిగా పోలేదు లెండి. ఐదోదైన 'ట్రీఫింగర్స్'లో సింథసైజర్ అనిపించేదంతా బ్యాండ్ గిటారిస్టు ఎడ్ ఓబ్రయన్ గిటారే, కంప్యూటర్‌లో మార్చేశారు. 'ఇడియోటెక్'లోని నాలుగు కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగే స్వరాలు) మాత్రం 1973లో పాల్ లాన్‌స్కీ కంప్యూటర్ మీద కూర్చిన సంగీతంలోంచి తీసుకున్నవి.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు. 'ది నేషనల్ ఆంథమ్' బండి నడిపేదే బేస్, అది కాస్తా మాయమై బాకాల గోల మిగులుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. యాప్‌లో షఫుల్, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర మీద తర్వాతి పాట మొదలును కలిపేసే సెట్టింగ్) తీసేయండి. 'ఇడియోటెక్' నేరుగా 'మార్నింగ్ బెల్'లోకి దిగుతుంది, అతుకు చెడితే సగం పట్టు పోతుంది. సీడీలో వింటుంటే చివరి పాట ఆగగానే లేవకండి, కాసేపటి నిశ్శబ్దం తర్వాత ఇంకో చిన్న ముక్క ఉంది.