మాటలతో వీరంగం వేయవచ్చునా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘం సర్వసభ్య సమావేశంలో నీటి ట్యాంకర్ల బిల్లుల మీద వాదన జరిగింది. కోశాధికారి లేచి, చాలాసేపు ఆవేశంగా, ఉన్నదానికి నాలుగింతలు చేసి మాట్లాడారు. కార్యదర్శి మినిట్స్ పుస్తకంలో "కోశాధికారిగారు సభలో వీరంగం వేశారు" అని రాశారు. "నేను నిలబడిన చోటునుంచి అడుగైనా కదల్లేదు, అది వీరంగం ఎలా అవుతుంది?" అని ఆయన అభ్యంతరం. ఎవరిది ఒప్పు? కాకపోతే ఏ మాట రాయాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఈ ఒక్క విషయంలో కోశాధికారిగారి పక్షమే సరైనదని మా అభిప్రాయం. బిల్లుల సంగతి మీరూ మీరూ తేల్చుకోవాలి.

వీరంగం నోటితో మాత్రమే వేసేది కాదు. సతీదేవి ఆత్మాహుతి వార్త విన్న శివుడు తన జటను నేలకు కొట్టగా పుట్టి, దక్షుని యజ్ఞాన్ని ధ్వంసం చేసిన వీరభద్రుని పేరిట జరిగే వీరనాట్యానికి అది వాడుకలో ఉన్న పేరు. గోదావరి జిల్లాలవారు కనుక సంబరాలలో మీరు చూసే ఉంటారు: వీరణాలనే డోళ్లు మోగుతుండగా, వెలుగుతున్న కర్పూరపు పళ్లేన్ని చేతులమీద నిలుపుకొని ఒకరు అడుగు వేస్తారు, మరొకరు నారసమనే లోహపు చువ్వను ఒంటికి గుచ్చుకుంటారు, మధ్యమధ్య "అశ్శరభ శరభ" అన్న కేక లేస్తుంది. అక్కడ మాట ఉన్నా, మాటకంటె అడుగు ముఖ్యం, అడుగుకంటె ఆవేశం ముఖ్యం. పత్రికలు నేటికీ "మద్యం మత్తులో నడిరోడ్డుపై యువకుడి వీరంగం" అని శీర్షిక పెట్టినప్పుడు, అతడు ఎవరినో తిట్టాడని మాత్రమే పాఠకుడు అనుకోడు. చొక్కా విప్పాడనో, వాహనాలకు అడ్డంపడ్డాడనో, అద్దాలు పగలగొట్టాడనో ఊహిస్తాడు. కుర్చీ పక్కన నిలబడి ట్యాంకర్ల లెక్క చెప్పిన పెద్దమనిషికి ఆ మాట అంటగట్టడం అన్యాయమే.

ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటి ఉన్నది. హద్దు మీరిన కోపానికి తెలుగువారు పెట్టుకున్న పేర్లలో చాలావాటి మూలం గుడి ముంగిట, జాతరలో ఉన్నది. శివాలెత్తడం అలాంటిదే. దేవుడు ఒంటిమీదికి రావడమే శివమెత్తడం. కొమురవెల్లి మల్లన్న జాతరలో శివసత్తులు ఊగడాన్ని చూసినవారికి దీన్ని వేరుగా వివరించనక్కరలేదు, తెలంగాణలో దానినే శిగమూగడం అంటారు. పూనకం వచ్చినవారు తాము అన్న మాటకు తాము పూచీ పడరు. అందుచేతనే "ఫైలు కనపడలేదని ఆఫీసరుగారు శివాలెత్తిపోయారు" అన్నప్పుడు నింద కొంత పలచబడుతుంది. కోపానికి కారణమేదో ఉన్నదనీ, కాసేపటికి దిగిపోతుందనీ వినేవారికి అర్థమవుతుంది. ఈ మాటకు కాళ్లూ చేతులూ ఆడించవలసిన అవసరం కూడా లేదు. కోశాధికారిగారి ప్రసంగానికి ఇది చాలావరకు నప్పుతుంది.

చిందులు తొక్కడం మాత్రం నప్పదు. చిందు కూడా ఆటే అయినా, వాడుకలో అది ఫలితం లేని కోపానికి గుర్తు. ఎదుటివాడు చలించకుండా కూర్చున్నప్పుడే మనవాడు చిందులు తొక్కుతాడు, చూసేవారు నవ్వుకుంటారు. రంకెలు వేయడంలో గొంతు పెద్దదని తెలుస్తుంది, అంతే. రంకె వేసేది ఆబోతు కనుక మర్యాద అసలే మిగలదు.

ప్రేలాపన సంగతి వేరు. అది కోపాన్ని కాక అర్థాన్ని తూచే మాట. అమరకోశం "ప్రలాపోఽనర్థకం వచః" అన్నది, అంటే అర్థంలేని పలుకు ప్రలాపం. పరస్పర విరుద్ధంగా పలికే వాదులాటకు విప్రలాపమని వేరే పేరు కూడా ఇచ్చింది. మన ప్రేలాపనలో ఈ ప్రలాపపు ఛాయతోపాటు 'ప్రేలు' అనే తెలుగు క్రియ కూడా వినిపిస్తుంది. జ్వరతీవ్రతలో పలవరించేవానిది సంధి ప్రేలాపన. అతనికి ఎవరిమీదా కోపం లేదు. కాబట్టి ఒకరి ప్రసంగాన్ని ప్రేలాపన అన్నామంటే, అందులో పస లేదని తీర్పు చెప్పినట్టే. ట్యాంకర్లు ఎన్ని వచ్చాయో తేలకముందే కార్యదర్శి ఆ తీర్పు ఇవ్వలేదు, అంతవరకు మెచ్చుకోవాలి.

మీరు 'చాలాసేపు' అన్నారు కనుక, కబుర్లలోనైతే "దండకం చదివారు" అనవచ్చు. పద్యం సాధారణంగా నాలుగు పాదాలతో అయిపోతుంది, దండకానికి ఆ కట్టుబాటు లేదు. "శ్రీ ఆంజనేయం ప్రసన్నాంజనేయం" చదివినవారికి ఒకే నడక ఎంతదూరమైనా సాగిపోవడం అనుభవమే. వరసగా ఏకరువు పెట్టిన ఫిర్యాదులకు ఇంతకంటె తగిన పేరు లేదు.

అయితే ఇవన్నీ వరండాలో చెప్పుకొనే మాటలు. మినిట్స్ పుస్తకంలో "బిల్లుల చెల్లింపుపై కోశాధికారి తీవ్రస్వరంతో సుదీర్ఘంగా అభ్యంతరం తెలిపారు" అని రాస్తే చాలు. దాని కింద సంతకం చేయడానికి ఆయనకూ ఇబ్బంది ఉండదు. మరొక మాట. "వీరంగం వేశాడు" అంటే తిట్టు, "వేశారు" అంటే వెటకారం. పేరు చివర 'గారు' తగిలించి మరీ వీరంగం వేయించారు కనుక, ఆయనకు ఎక్కువ కష్టం కలిగించింది ఆ బహువచనమే అయివుంటుంది.