గురి కుదరాలంటే: సింగిల్ షాట్ రైఫిల్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మడిచి తెరిచే రకం సింగిల్ షాట్ రైఫిల్ కొన్నాను. చవకలో వచ్చింది. .308 విన్‌చెస్టర్ తూటా, పైన మామూలు స్కోప్. మొదటిసారి రేంజ్‌కి వెళ్లినప్పుడు గురి కుదర్చడం ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి? ఎన్ని తూటాలు తీసుకెళ్లాలి?

జవాబు: పని ఇంట్లోనే మొదలవుతుంది. కొత్త బ్యారెల్ లోపల తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీవాళ్లు నూనె పూసి పంపుతారు. తూటా కూర్చునే గదితో సహా మొత్తం పొడిగుడ్డతో తుడిచెయ్యండి. ఆ గది నూనెగా ఉంటే పేలినప్పుడు ఖాళీ కేసు గోడలను పట్టుకోదు, వెనక్కి జారి తాళం మీద అదనపు బరువు వేస్తుంది. తర్వాత స్కోప్ దిమ్మ స్క్రూలు చూడండి. ఎక్కువమంది తిప్పలన్నీ ఇక్కడే మొదలవుతాయి. బ్యారెల్, స్కోప్ రెండూ బాగానే ఉన్నా ఒక్క స్క్రూ వదులుగా ఉంటే రోజంతా స్కోప్ గుండీ క్లిక్కులు (తిప్పినప్పుడు టిక్‌మనే ఒక్కో మెట్టు) తిప్పుతూ కూర్చోవాల్సిందే.

ఈ రకం రైఫిల్‌లో ఒక సౌకర్యం ఉంది. స్కోప్ బ్యారెల్ మీదే బిగించి ఉంటుంది కాబట్టి, ఖాళీ రైఫిల్‌ని తెరిచి, బ్యారెల్‌ని ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి, వెనకనుంచి గొట్టంలోంచి 25 గజాల దూరంలోని టార్గెట్‌ని చూడొచ్చు. నల్లచుక్క గొట్టం మధ్యలో కనబడేలా సర్ది, బ్యారెల్ కదలకుండా స్కోప్ గీతలను ఆ చుక్క మీదికి తిప్పండి. తొలి తూటా కాగితం మీద పడుతుందా లేదా అన్న బెంగ ఉండదు.

ఇక 25 గజాల్లో ఒక తూటా కాల్చి చూడండి. ఎక్కువ స్కోపుల్లో ఒక క్లిక్కు 100 గజాల్లో పావు అంగుళం జరుపుతుంది. 25 గజాల్లో అది అంగుళంలో పదహారో వంతే. అంటే రెండంగుళాలు ఎడమకు పడితే 32 క్లిక్కులు కుడికి. నాలుగైదు క్లిక్కులు తిప్పి "స్కోప్ పనిచెయ్యట్లేదు" అనుకునేవాళ్లు ఈ లెక్క మరిచిపోయినవాళ్లే. ఇంకో మాట: 25 గజాల్లో గుండు సరిగ్గా చుక్క మీద పడాలని పట్టుబట్టకండి. స్కోప్ మధ్యగీత బ్యారెల్ మధ్యగీతకు ఒకటిన్నర అంగుళం పైన ఉంటుందనుకుంటే, 100 గజాలకు గురి కుదిరిన .308 తూటా 25 గజాల్లో చుక్కకు అర నుంచి ముప్పావు అంగుళం కింద పడుతుంది. అక్కడికి తెచ్చి ఆపి, 100 గజాలకు వెళ్లండి.

అక్కడ ఒక్క తూటాని బట్టి స్కోప్ తిప్పకండి. మూడు కాల్చి, వాటి మధ్య బిందువు నుంచి లెక్కించండి. 20 తూటాల పెట్టె ఒకటి చాలు, రెండోది తోడుగా ఉంచుకోండి. 100 గజాల్లో మూడు గుండ్లు రెండంగుళాల్లోపు పడితే ఈ తరగతి రైఫిల్ నుంచి అంతకంటే అడగక్కర్లేదు.

ప్రశ్న: మొదటి రెండు గుండ్లు దగ్గర దగ్గరగా పడుతున్నాయి. మూడోది, నాలుగోది పైకి ఎక్కిపోతున్నాయి. బ్యారెల్ చెడిందా?

జవాబు: బ్యారెల్‌ని తిట్టే ముందు మీ ఇసుక సంచి ఎక్కడుందో చూడండి. ఈ రైఫిళ్లలో ముందు కర్ర సాధారణంగా ఒకే స్క్రూతో బ్యారెల్‌కి బిగించి ఉంటుంది. సంచి కర్ర ముందు చివర ఉంటే దాని ఒత్తిడి నేరుగా బ్యారెల్ మీద పడి, గుండు పడే చోటు మారుతుంది. సంచిని వెనక్కి, మడత కీలు దగ్గరకు జరపండి. ప్రతిసారీ అదే చోట ఉండాలి. బ్యారెల్‌ని నేరుగా సంచి మీద ఆనించడం అసలే వద్దు.

రెండో కారణం వేడి. బ్యారెల్ సన్నగా ఉంటుంది, త్వరగా కాగుతుంది. మూడు కాల్చాక తెరిచి, నిలువుగా ఆనించి, చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా వదిలెయ్యండి. వేటలో అవసరమయ్యేది చల్లటి బ్యారెల్‌తో తొలి గుండు ఎక్కడ పడుతుందన్నదే. నాలుగోది ఎటు పోతే ఏంటి? సంచి జరపడం, కర్ర స్క్రూ బిగించడం, తూటా మార్చడం... ఇవన్నీ ఒకేసారి చెయ్యకండి, ఏది పనిచేసిందో తెలీదు.

ప్రశ్న: ట్రిగ్గర్ నొక్కితే టక్‌మని శబ్దం వచ్చింది, తూటా పేలలేదు. వెంటనే తెరవొచ్చా?

జవాబు: వద్దు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి, నిండా ఒక నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. తర్వాత తెరిచి ప్రైమర్ (తూటా అడుగున, మందు అంటించే చిన్న బిళ్ల) మీద గుంట చూడండి. గుంట లోతుగా ఉంటే లోపం తూటాది. పైపైన ఉంటే రైఫిల్ పూర్తిగా మూసుకోలేదన్నమాట, లేదా కొట్టే పిన్ను చుట్టూ పాత గ్రీజు పేరుకుంది. రైఫిల్‌ని మణికట్టు ఊపుతో విసిరి మూసే అలవాటుంటే మానెయ్యండి, కీలు వదులవుతుంది.

దీనికంటే ప్రమాదకరమైనది వేరే ఉంది: ఎప్పటి మోత కాకుండా ఫట్‌మని చిన్న శబ్దం రావడం. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకో తూటా కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. నిమిషం ఆగి, తెరిచి, తూటా గది ఖాళీగా ఉందని చూసుకుని, గొట్టంలో వెలుతురు కనబడితేనే మళ్లీ కాల్చాలి.

ప్రశ్న: స్కోప్ పెట్టాక హ్యామర్‌కి (వెనక ఉండే, కొట్టే పిన్నును కొట్టే మీటకి) బొటనవేలు అందట్లేదు. కాల్చకుండా హ్యామర్‌ని దించాలంటే భయంగా ఉంది.

జవాబు: భయం న్యాయమే. హ్యామర్‌కి పక్కగా బిగించే చిన్న పొడిగింపు దొరుకుతుంది, అది పెట్టించండి. దించేటప్పుడు గొట్టం టార్గెట్ దిబ్బ వైపు ఉండాలి, వేలికి చెమట, నూనె ఉండకూడదు. హ్యామర్‌ని గట్టిగా పట్టుకుని ట్రిగ్గర్ నొక్కండి. హ్యామర్ కదలడం మొదలవగానే ట్రిగ్గర్ మీంచి వేలు తీసెయ్యండి. ఖాళీ రైఫిల్‌తో ఒక యాభైసార్లు చేశాకే తూటా ఉన్నప్పుడు చెయ్యండి.

ప్రశ్న: నాలుగైదు తూటాలయ్యేసరికి భుజం నొప్పి, గురి కూడా చెదురుతోంది.

జవాబు: తేలిక రైఫిల్‌లో .308 గట్టిగానే తన్నుతుంది. .243 విన్‌చెస్టర్ అనే చిన్న తూటా తన్ను దాదాపు అందులో సగమే. నిజంగా మిమ్మల్ని బెదరగొట్టేది మోత. చెవుల్లో ప్లగ్గులు, వాటిపైన మఫ్‌లు రెండూ వాడండి. మీకు తెలియకుండా పక్కన ఉన్నవాళ్లు ఒకసారి అసలు తూటా, ఒకసారి డమ్మీ పెట్టి ఇస్తే, డమ్మీ వచ్చినప్పుడు గొట్టం ఎంత కిందకు ఊగిందో మీకే కనబడుతుంది. కంటికి, స్కోప్‌కి మధ్య మూడు, మూడున్నర అంగుళాలు వదలడం మరవకండి, లేకపోతే కనుబొమ మీద గాటు పడుతుంది.