పన్నెండు వేల రూపాయల స్క్వేర్ కొనాలా? ముందు చేతిలో ఉన్నదాన్ని తిప్పి చూడండి

మీరు అడిగింది ఇదీ: చిత్తూరులో మిద్దె మీద సరదాగా చెక్కపని మొదలుపెట్టారు. వీడియోల్లో ఎవరి చేతిలో చూసినా పది, పన్నెండు వేల రూపాయల స్క్వేరే (90 డిగ్రీల మూల చూసి గీత గీసే మూలమట్టం) కనిపిస్తోంది. మీ ఊరి షాపులో 250 రూపాయలకే ఒకటి దొరుకుతోంది. అంత డబ్బు పోస్తే పనిలో తేడా తెలుస్తుందా అని.

నాది తిరుపతి. ఉద్యోగం వేరే. ఆదివారమైతే మాత్రం రేకుల షెడ్డులో చెక్కపొట్టు మధ్యే ఉంటాను, ఏడేళ్లుగా ఇదే వరస. నా దగ్గర నాలుగు స్క్వేర్లున్నాయి. 250కి కొన్న కొయ్యపిడి ట్రై స్క్వేర్, 750 పెట్టిన ఆరంగుళాల ఇంజనీర్ స్క్వేర్ (మొత్తం ఇనుపది), ఒక పెద్ద ఎల్ ఆకారపు ఇనుప మూలమట్టం, ఇంకా మా చెల్లెలి కొడుకు అమెరికా నుంచి వస్తూ తెచ్చిన స్టారెట్ కంపెనీ కాంబినేషన్ స్క్వేర్ (స్కేలు మీద తల జారే రకం). ఆ చివరిది నా డబ్బుతో కొన్నది కాదు కాబట్టి దాన్ని వెనకేసుకొచ్చే అవసరం నాకు లేదు.

నా మాటైతే, ఇప్పుడే కొనొద్దు. ఆ 250ది కూడా పరీక్ష చేయకుండా కొనొద్దు. ఈ రెండో మాట నాకు ఒక తలుపు నేర్పింది.

మొదలుపెట్టిన రెండో ఏడు ఇంట్లోకి టేకుతో పూజా మందిరం చేశాను. దాని తలుపు 450 మిల్లీమీటర్ల వెడల్పు, 600 ఎత్తు. నిలువు పట్టీలు రెండు, అడ్డపట్టీలు రెండు, మధ్యలో గాజు. అడ్డపట్టీల చివర్లు 250 రూపాయల స్క్వేర్ పెట్టి గీశాను, రంపంతో గీత మీదే కోశాను, ఉలితో చక్కగా తీశాను. జిగురు పూసి క్లాంపులు బిగిస్తే ఎక్కడా వెంట్రుక దూరే సందు లేదు. ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాను కూడా. మరుసటి రోజు కీళ్లు బిగించి మూస్తే పైన ఒక మూల తగులుతోంది, ఇంకో మూల తెరుచుకుని ఉంది. అమ్మ దీపం పెట్టడానికి వచ్చి, "ఏందిరా, దేవుడి తలుపు అలిగినట్టుండాది" అనింది.

నాలుగు రోజులు నా చేతిని తిట్టుకున్నాను. తర్వాత మా ఇంటి దర్వాజాలు చేసిన పెద్దాయన, మేం ఆచారి అని పిలుస్తాం, ఏదో పని మీద వస్తే చూపించాను. ఆయన తలుపు వైపు చూడను కూడా చూడలేదు. "టేపు ఎత్తుకో సామీ" అన్నాడు. మూల నుంచి మూలకు ఒకసారి, రెండో మూల నుంచి ఇంకోసారి పట్టించాడు. ఒకటి 751న్నర, ఇంకోటి 748న్నర. మన మేస్త్రీలు పునాదికి ముగ్గు పోసేటప్పుడు 3-4-5 లెక్కతో మూల తీస్తారు చూడండి, నా తలుపు కొలతలు సరిగ్గా ఆ లెక్కవే. 450, 600 అయితే మూలకొలత రెండు వైపులా 750 రావాలి. మూడు మిల్లీమీటర్ల తేడా ఉందంటే తలుపు వాలిందని అర్థం.

తర్వాత ఆయన నా స్క్వేర్ అడిగాడు. ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసిన పలక) ముక్క ఒకటి తీసుకుని, ఫ్యాక్టరీలో కోసిన అంచుకు స్క్వేర్ పిడి ఆనించి, చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి, ఉలి మీద దాని ముక్కు చెక్కుకుని సన్నటి గీత గీశాడు. పిడిని అటు నుంచి ఇటు తిప్పి, అదే అంచుకు ఆనించి, గీత మొదలైన చోటు నుంచే మళ్లీ గీశాడు. రెండు గీతలూ కింద కలిసే ఉన్నాయి. పైకి పోయే కొద్దీ విడిపోయాయి, తాటాకు చీల్చినట్టు. 200 మిల్లీమీటర్ల దగ్గర వాటి మధ్య ఒకటిన్నర మిల్లీమీటరుకు పైనే ఎడం. తిప్పినప్పుడు తప్పు రెండింతలై కనిపిస్తుంది కాబట్టి అసలు తప్పు అందులో సగం, అంటే 0.8 దాకా. "చేయి నీదే సామీ, మట్టమే దొంగది. అయినా చూడకుండా ఎత్తుకొచ్చింది ఎవరు?" అని పెన్సిల్ మళ్లీ చెవి వెనక పెట్టుకున్నాడు.

200కి 0.8 అంటే 600 ఎత్తు తలుపుకు 2.4. పైఅంచు 2.4 పక్కకు జరిగితే ఒక మూలకొలత సుమారు ఒకటిన్నర పెరుగుతుంది, ఇంకోటి అంతే తగ్గుతుంది. మూలకొలతల్లో వచ్చిన మూడుకు ఈ లెక్కే కారణం. అతుకులు అంత బిగువుగా ఎలా కూర్చున్నాయంటారా? నాలుగు చివర్లూ ఒకే అంచు నుంచి, ఒకే వైపు వాలుగా గీశాను. అన్నీ ఒకేలా తప్పు కావడంతో ఒకదానితో ఒకటి ఒద్దికగా అతుక్కున్నాయి. తలుపు మొత్తమే పక్కకు ఒరిగింది. ఒక చివర పిడి ఇటు పెట్టి, ఇంకో చివర పిడి అటు తిప్పి గీసి ఉంటే అతుకులోనే సందు వచ్చేది, అప్పుడే తెలిసిపోయేది. మీకు ఇంకో గుర్తు చెప్తాను. చెక్క నాలుగు ముఖాలా గీత తిప్పుకుంటూ వచ్చినప్పుడు చివరి గీత మొదటి గీతను కలవకపోతే, చెక్క అంచులు సమంగా లేవన్నా అర్థం, స్క్వేర్ అబద్ధం చెప్తోందన్నా అర్థం. ముందు స్క్వేర్‌నే అనుమానించండి, దాన్ని తేల్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

మరి ఖరీదైనదానిలో ఏముందో చూద్దామని ఒక రోజు నాలుగింటినీ సంచిలో వేసుకుని గాజులమండ్యం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మెషిన్ షాపు నడిపే స్నేహితుడి దగ్గరికి పోయాను. వాళ్ల దగ్గర నల్ల గ్రానైట్ సర్ఫేస్ ప్లేటు (కొలతల కోసం చదునుగా నునుపు చేసిన బండ) ఉంది, దాని మీద నమ్మకమైన మాస్టర్ స్క్వేర్ ఉంది. దానికి నావి ఒక్కొక్కటే ఆనించి, వెనక టార్చి వేసి చూశాడు. 250 రూపాయలదాని వెనక నుంచి పట్టపగలు వెలుగు. ఫీలర్ గేజీలో (సందు కొలిచే సన్నటి ఇనుప ఆకుల కట్ట) 0.50 మిల్లీమీటరు ఆకు కూడా నింపాదిగా లోపలికి పోయింది. 750ది పెడితే పైచివర సన్నటి వెలుగు గీత కనిపించింది గానీ 0.05 ఆకు దూరలేదు. స్టారెట్ పెడితే వెలుగే లేదు. పెద్ద ఎల్‌ను చూసి నవ్వాడు, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇక్కడే మీ డబ్బు లెక్క తేలేది. ఇంజనీర్ స్క్వేర్లకు జర్మన్ ప్రమాణం డిన్ 875 ఉంది. 150 మిల్లీమీటర్ల స్క్వేర్‌కు అందులో గ్రేడ్ 2 అయితే తప్పు 35 మైక్రాన్లకు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను) మించకూడదు, గ్రేడ్ 0 అయితే 8 మైక్రాన్లకు. మనం జెరాక్స్ తీసే కాగితం మందం సుమారు 100 మైక్రాన్లు. అంటే కింది గ్రేడ్ స్క్వేర్ తప్పు కూడా కాగితం మందంలో మూడో వంతే. గీసే పెన్సిల్ గీతే అర మిల్లీమీటరు మందం ఉన్నప్పుడు 8 మైక్రాన్లకు వేలు పోయడం ఎందుకు? ముందు పెన్సిల్ పక్కన పెట్టి గీతకత్తి అలవాటు చేసుకోండి. కత్తి గీతలో ఉలి మొన దానంతటదే కూర్చుంటుంది. నా అతుకులు నిజంగా బాగుపడింది కత్తి వచ్చాకే, స్టారెట్ వచ్చాక కాదు.

చెక్క కూడా ఇనుము లాగా పడి ఉండదు. దుంగను వరసగా కోసుకుంటూ తీసిన (ఫ్లాట్ సాన్) టేకు పలక 100 మిల్లీమీటర్ల వెడల్పుది తీసుకుంటే, తేమ ఒక్క శాతం మారితే చాలు, సుమారు 0.2 మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది. టేకు అంటే చాలా చెక్కల కంటే నెమ్మదైనది, అదే ఇలా ఉంటుంది. మన దగ్గర మే నెల ఎండకు రేకుల కింద ఎండిన పలక, కార్తీకంలో ముసురు పట్టినప్పుడు ఎంత తేమ పీలుస్తుందో మీకు తెలియంది కాదు. మీరు మైక్రాన్లలో గీసినా అది మిల్లీమీటర్లలో కదులుతుంది. అలాగని స్క్వేర్ ఎలా ఉన్నా పర్లేదని కాదు. అతుకు భుజం (ఒక పట్టీ ఇంకో పట్టీకి ఆనే అంచు) గీసే క్షణానికి మూల సరిగ్గా ఉంటే తర్వాత చెక్క కదిలినా అతుకు బిగువు పోదు. ఆ పనికి 35 మైక్రాన్లు ధారాళంగా సరిపోతాయి.

కొయ్యపిడి స్క్వేర్లకు ఈ తేమ బాధ ఇంకొంచెం ఎక్కువ. ఆచారి మూలమట్టం మొత్తం కొయ్యదే, ఆయన చేత్తో చేసుకున్నది. కాలం మారినప్పుడల్లా గీత గీసి తిప్పి చూస్తాడు, తేడా వస్తే చిత్రికతో ఒక్క పొర తీసి సరిచేస్తాడు. దాని ధర సున్నా. దాంతో చేసిన మా దర్వాజాలు ఇరవై ఏళ్లుగా కిర్రుమనలేదు.

స్టారెట్ గురించి కూడా న్యాయంగా చెప్పాలి. కాంబినేషన్ స్క్వేర్ రూపొందించింది లారాయ్ స్టారెట్టే. ఆయన 1880లో మసాచుసెట్స్‌లోని అథోల్ అనే ఊళ్లో కంపెనీ పెట్టాడు. నా చేతికి వచ్చినదాంట్లో నచ్చింది మూల కంటే స్కేలు. గీతలు వేలికి తగిలేంత లోతుగా ఉంటాయి, మెరుపు లేని పూత కాబట్టి ట్యూబ్‌లైటు కింద కూడా కళ్లు చికిలించకుండా చదవొచ్చు. యాభై దాటిన కంటికి అది చిన్న సుఖం కాదు. స్క్రూ బిగిస్తే తల ఇసుమంత కూడా కదలదు. ఇదే ఆకారంలో చవక రకాలు మాత్రం అస్సలు కొనొద్దు. జారే తలకు, స్కేలుకు మధ్య గాడి వదులుగా ఉంటుంది, బిగించిన ప్రతిసారీ ఒక్కో కోణం చూపిస్తుంది. కదిలే భాగం లేని చవక స్క్వేర్ నయం, తప్పైనా ఒకే తప్పు చెప్తుంది.

ఖరీదైనది నిజంగా కావాల్సింది యంత్రాలున్నవాళ్లకు. టేబుల్ సా (బల్ల రంపం) బ్లేడు, జాయింటర్ (అంచులు చదును చేసే యంత్రం) మీద చెక్క ఆనించే కంచె దాంతో ఒకసారి సెట్ చేస్తే ఆ తర్వాత కోసే వంద ముక్కలకూ అదే మూల వస్తుంది, తప్పైతే వందకూ అదే తప్పు. మీ దగ్గర ఉన్నవి చేతి రంపం, రెండు ఉలులు, ఒక చిత్రిక అన్నారు. ఆ 12 వేలలో మంచి ఉలుల సెట్టు, సానరాళ్లు, నాలుగు క్లాంపులు, ఒక ఇంజనీర్ స్క్వేర్ వస్తాయి. ఇంకా కొంచెం టేకుకు మిగులుతుంది.

మీరు ప్లైవుడ్‌తో బీరువా కూడా చేయాలనుకుంటున్నారు కాబట్టి ఒక మాట. 2400 మిల్లీమీటర్ల షీటు మీద ఆరంగుళాల స్క్వేర్ ఎంత ఖరీదైనదైనా ఏం లాభం? దాని తప్పు పదహారు రెట్లు అవుతుంది. 150 దగ్గర 0.1 తప్పితే షీటు చివర 1.6. స్కేలు ఆనించి గీత పొడిగించేటప్పుడు మీ చేయి కలిపే తప్పు అదనం. అక్కడ టేపు పట్టి మూలకొలతలు చూడటమే మందు. నేను పెద్ద ఎల్ కొన్నది ప్లైవుడ్ కోసమే, అదీ వాలే వచ్చింది, 90 కంటే తక్కువ చూపించింది. స్నేహితుడు నవ్వింది దానికే. ఆచారి దాన్ని ఇనుప దిమ్మె మీద పెట్టి, లోపలి మూలకు దగ్గరగా సెంటర్ పంచ్ ఆనించి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. అక్కడ ఇనుము కొంచెం వ్యాపించి కోణం తెరుచుకుంటుంది. కోణం ఎక్కువైతే బయటి మూల దగ్గర కొట్టాలట. గీత గీసి, తిప్పి, ఇంకో దెబ్బ, మళ్లీ గీత. ఐదు నిమిషాల్లో గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ మూడు చుక్కలు ఇప్పటికీ దాని మీద ఉన్నాయి.

ఇంజనీర్ స్క్వేర్ కొనేటప్పుడు పెట్టె మీద గ్రేడ్ రాసి ఉందా చూడండి. లోపలి మూలలో చిన్న గాడి ఉంటే మంచిది, పొట్టు అక్కడ చేరినా పిడి అంచుకు ఆనుతుంది. కింద పడేయకండి, పడితే మళ్లీ తిప్పి చూడకుండా వాడకండి. చెమట చేత్తో ముట్టుకున్నాక మెషిన్ ఆయిల్ గుడ్డతో ఒకసారి తుడవండి, లేకపోతే వారంలో తుప్పు చుక్కలు వస్తాయి.

షాపుకు పోయేటప్పుడు సంచిలో ఒక అడుగు ఎండీఎఫ్ ముక్క, చెక్కిన పెన్సిల్ పెట్టుకుని పొండి. ముందు ఆ ముక్క అంచు నేరుగా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి, అంచు వంకరైతే మంచి స్క్వేర్ కూడా దొంగే అవుతుంది. కౌంటర్ మీదే గీసి తిప్పి చూపించమనండి. నేను అట్లా చేస్తుంటే షాపాయన "ఏంది సామీ, బంగారం తూకం వేస్తా ఉండావా?" అన్నాడు. ఐదు తీయించి, నాలుగోది తెచ్చుకున్నాను.