టెక్ సందేహాలు: మెయిల్‌కు పాప్ మంచిదా, ఐమ్యాప్ మంచిదా?

ప్రశ్న: మా వ్యాపారానికి సొంత డొమైన్‌తో మెయిల్ ఐడీ ఉంది. షాపు కంప్యూటర్‌లో ఔట్‌లుక్ తెరవగానే మెయిళ్లు అందులోకి వచ్చేస్తాయి, నా ఫోన్‌లో మాయమవుతాయి. అక్కడినుంచి పంపిన జవాబులూ ఫోన్‌లో కనిపించవు. ఎవరైనా హ్యాక్ చేశారేమోనని పాస్‌వర్డ్ కూడా మార్చాను. - ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు చెప్పిన లక్షణాలన్నీ మెయిళ్లు తెచ్చుకునే పాప్ పద్ధతివి (దాని మూడో వెర్షన్ పాప్3), హ్యాకింగ్‌వి కావు. ఔట్‌లుక్ అకౌంట్ సెట్టింగ్స్‌లో మీ ఐడీ పక్కన ‘పాప్’ అని ఉందేమో చూడండి.

పాప్ 1984లో వచ్చింది. మెయిళ్లను సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి దించుకోవడమే దాని పని. మన దగ్గర డయలప్ రోజుల్లో, ఫోన్ బిల్లు పెరుగుతుంటే, కనెక్ట్ అయి, దించుకుని, లైన్ కట్ చేసి తీరిగ్గా చదువుకోవడానికి అది భలేగా పనికొచ్చింది. ‘సర్వర్‌లో కాపీ ఉంచు’ అనే టిక్ తీసేసి ఉంటే, దించుకున్న మెయిల్ సర్వర్‌లో ఉండదు. ఇక ఫోన్‌కు ఏం దొరుకుతుంది? పంపినవీ అంతే, ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతాయి.

స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ 1986లో రూపొందించిన ఐమ్యాప్‌లో అసలు పెట్టె సర్వర్‌లోనే ఉంటుంది. ఫోన్, ల్యాప్‌టాప్, షాపు కంప్యూటర్ అన్నీ దాన్నే చూపిస్తాయి. ఒకచోట చదివింది అన్నిచోట్లా చదివినట్టే. మీకు కావలసింది ఇదే.

తొందరపడి పాప్ ఖాతా తీసేయకండి. ముందు ‘సర్వర్‌లో కాపీ ఉంచు’ టిక్ పెట్టండి. ఔట్‌లుక్ మూసి, పాత మెయిళ్లున్న పీఎస్‌టీ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. తర్వాత అదే ఐడీని ఐమ్యాప్‌గా విడిగా చేర్చండి: పోర్ట్ 993, ఎస్‌ఎస్‌ఎల్ (సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే ఇతరులు చదవలేని రూపంలో పంపే ఏర్పాటు) ఆన్. పోర్ట్ 143తో ఎన్‌క్రిప్షన్ లేకుండా పెడితే పాస్‌వర్డ్ దారిలో ఎవరి కంటైనా పడొచ్చు. మెయిల్ పంపే ఎస్‌ఎమ్‌టీపీ సెట్టింగ్‌లు మారవు. పాత మెయిళ్లలో అవసరమైనవి ఐమ్యాప్ ఫోల్డర్లలోకి లాగితే సర్వర్‌కు ఎక్కుతాయి. అయితే అవి మీ మెయిల్‌బాక్స్ కోటాను తింటాయి. చవక హోస్టింగ్ ప్లాన్లలో ఆ కోటా చిన్నదే, కాబట్టి పాత ఇన్‌వాయిస్‌లన్నీ ఎక్కించకండి. అన్నీ సరిగా కనిపిస్తున్నాయని తేలాకే పాప్‌ను ఆపండి. ‘సెంట్’, ‘సెంట్ ఐటమ్స్’ అని రెండు ఫోల్డర్లు కనిపిస్తే కంగారొద్దు, ఏదో ఒకటే వాడేలా సెట్ చేసుకోవచ్చు.

ఐమ్యాప్‌తో అసలు ప్రమాదం వేరే ఉంది. ఫోన్‌లో జాగా కోసం మెయిళ్లు డిలీట్ చేస్తే షాపులోనూ పోతాయి. దాన్ని బ్యాకప్ అనుకునేవాళ్లే ఎక్కువ మోసపోతారు. ఒకే కంప్యూటర్ వాడుతూ, ఏళ్ల తరబడి బిల్లులు తన దగ్గరే ఉండాలనుకునే ఆడిటర్‌కైతే ఇప్పటికీ పాపే పెట్టుకోమంటాను, హార్డ్‌డిస్క్‌కు రెండో కాపీ ఉంటేనే సుమా.

ప్రశ్న: జీమెయిల్‌ను పాత మెయిల్ ప్రోగ్రామ్‌లో ఐమ్యాప్‌తో పెడితే సరైన పాస్‌వర్డ్‌నూ తప్పంటోంది. - ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: మామూలు పాస్‌వర్డ్‌ను గూగుల్ ఇలాంటి ప్రోగ్రామ్‌లకు ఒప్పుకోదు. థండర్‌బర్డ్ కొత్త వెర్షన్ అయితే ‘ఓఆత్2’ ఎంచుకోండి, గూగుల్ లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. ఆ సౌకర్యం లేని ప్రోగ్రామ్ అయితే గూగుల్ ఖాతాలో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, 16 అక్షరాల ‘యాప్ పాస్‌వర్డ్’ తీసుకుని అది ఇవ్వండి.