శిక్ష పడింది మీ నాన్నగారికే

ప్రశ్న: పదకొండేళ్ల క్రితం మా అన్నయ్యను ఎవరో చంపి కాలువ గట్టున పడేశారు. హంతకులెవరో ఇంతవరకూ తేలలేదు. నాన్న కౌలు డబ్బులు ఛార్జీలకు పెట్టుకుని నెలనెలా స్టేషనుకూ ఎస్పీ ఆఫీసుకూ తిరుగుతున్నారు. ఆయనకు అరవై ఆరేళ్లు, షుగరు, మోకాళ్ల నొప్పులు. ఆ రాత్రి పొలంలో మోటారు వేసి రమ్మని అన్నయ్యను పంపింది నాన్నేనని అమ్మ అప్పటినుంచీ ఆయనతో నేరుగా మాట్లాడదు. ఇక ఈ కేసు వదిలేయమని నాన్నకు ఎలా నచ్చజెప్పాలి?
– ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: నచ్చజెప్పవద్దు. కన్నకొడుకును చంపిందెవరని అడగడం ఆ తండ్రి హక్కు, ఆ హక్కును మోకాళ్ల నొప్పుల పేరు చెప్పి వదులుకోమనడం కూతురిగా మీకు తగదు. హత్య కేసుకు కాలపరిమితి ఉండదు కనుక, ఆయన అడుగుతున్నది చట్టప్రకారం కూడా న్యాయమైనదే.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మీ నాన్నగారి తిరుగుడు కాదు, మీరు ఒక్క వాక్యంలో దాటేసిన మీ అమ్మగారి మౌనం. పోలీసులు ఎవరినీ పట్టుకోలేకపోయిన ఈ కేసులో నేరం మోపబడినదీ, పదకొండేళ్లుగా శిక్ష అనుభవిస్తున్నదీ మీ నాన్నగారు ఒక్కరే. ఆ తీర్పు ఇంట్లోనే వెలువడింది. ఆయన స్టేషను మెట్లెక్కేది హంతకుణ్ణి పట్టించడానికి మాత్రమే కాదని, భార్య ముందు తన నిర్దోషిత్వం నిరూపించుకోవడానికి కూడానని నాకు అనిపిస్తోంది. చేతికందిన కొడుకుకు పొలం పని చెప్పని తండ్రి ఎవరు? మోటారు వేసి రమ్మనడం నేరమైతే మన పల్లెల్లో నేరం చేయని ఇల్లు ఉండదు.

2007 డిసెంబరులో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్లో హత్యకు గురైన విద్యార్థిని ఆయేషా మీరా కేసు మీకు తెలిసే ఉంటుంది. ఆ కేసులో ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు, 2010లో కోర్టు శిక్ష వేసింది. కూతుర్ని పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రులు మాత్రం హంతకుడు అతడు కాదని బహిరంగంగా చెప్పారు. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది, 2018లో కేసు సీబీఐ చేతికి వెళ్లింది. ఎవరో ఒకరికి శిక్ష పడింది చాలు అనుకుని ఉంటే వారికి ఎదురుచూపు ఎప్పుడో తీరిపోయేది. కానీ అమాయకుడి మీద నేరం వేసి తమ దుఃఖాన్ని చల్లార్చుకోవడానికి వారు ఒప్పుకోలేదు. మీ అమ్మగారి దుఃఖాన్ని నేను తక్కువ చేయడం లేదు. నేరస్థుడు కనబడనప్పుడు కోపం ఎదురుగా ఉన్న మనిషి మీదికే వెళుతుంది. అయినా పదకొండేళ్లు అన్యాయమే, అది అన్యాయమని ఆమెకు చెప్పవలసినది మీరు. మేనమామల చేతో పెద్దమ్మల చేతో చెప్పించకండి, వారి ఎదుట ఆవిడ ఇంకా బిగుసుకుపోతారు.

ఇక తిరగడం అంటారా, ఊరికే స్టేషనుకు వెళ్లి వచ్చేకంటే కేసు ఏ స్థితిలో ఉందో రాతపూర్వకంగా అడగాలి. ఆచూకీ తెలియలేదని పోలీసులు కోర్టులో తుది నివేదిక వేస్తే ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి వినాలని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. ఆ నోటీసు రాకుండానే కేసు మూసేశారేమో ముందు కనుక్కోండి. మూసేసి ఉంటే అభ్యంతరం చెబుతూ ప్రొటెస్ట్ పిటిషన్ వేయవచ్చు. హంతకుడు ఎవరో తేలకపోయినా బాధిత కుటుంబం పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అదే సంస్థ స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

అంటే ఆ దరఖాస్తు మీ అమ్మగారి పేరున పెట్టడమే సరైన పద్ధతి. అందుకు ఆమె కేసు కాగితాలు చూడాలి, అవన్నీ దాచినది మీ నాన్నగారు కనుక ఆయన్ను అడగాలి. మధ్యలో మీరు దూరి మాటలు మోయకండి. ఇన్నేళ్లూ ఆ మౌనాన్ని నిలబెట్టినది మీ ఆ మోతే. ఆవిడ మొదటిసారి కాదనవచ్చు. అప్పుడు దరఖాస్తు మీ పేరున రాసుకుని, నాన్నగారిని వెంటబెట్టుకుని మీరే వెళ్లండి, తరువాతి వాయిదాకు అమ్మగారిని మళ్లీ పిలవండి.